హద్దురాయి కింద ఎర్రలు

మిర్గం నాటి పొద్దున జైపాల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తెల్లవారేసరికి ఎర్రలు, అంటే గాలానికి గుచ్చే వానపాములు, తవ్వుకోవాలి. ఎండ ముదరకముందే షామీర్‌పేట చెరువు చేరాలి. గాలం వేయాలి, చేప పట్టాలి. ఆ చేపను తాడుకు గుచ్చి వేలాడదీసుకుంటూ చెరువు పక్కనే ఉన్న అత్తగారింటికి వెళ్లాలి. అందరూ అన్నాలకు కూర్చునే వేళకు గుమ్మంలో నిలబడి, "దీపా, సంచి సదురుకో" అనాలి. అంతే పని.

మృగశిర కార్తె మొదటి రోజును అక్కడివాళ్లు మిర్గం అంటారు. ఆ రోజు చేపలకూర తినని ఇంటికి ఏడాదంతా దగ్గూ దమ్మూ తప్పవని పెద్దల నమ్మకం. మేడ్చల్‌లో కూలర్లు, మోటార్లు బాగుచేసుకునే జైపాల్‌కు దగ్గు గురించి బెంగ లేదు. అతని బెంగంతా దీప గురించే. మే నెలలో పుట్టింటికి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, "ఊ" అంటుంది, పెట్టేస్తుంది. ఆ "ఊ" రోజురోజుకూ పొట్టిదైపోతోంది.

తప్పు జైపాల్‌దే. దీపవాళ్లది తాతల నాటినుంచి చెరువును నమ్ముకుని బతికిన ఇల్లు. ఆమెను పిలుచుకురావడానికి ఒక రాత్రి వెళ్లి, ఆ ఇంట్లో కూర్చుని, వాళ్లు పెట్టిన అన్నం తింటూ, బావమరదుల ముందు గొప్పకు పోయి నోరు జారాడు. "చేపలు వట్టుడు గూడ ఒక పనేనా? గాలానికి ఇంత ఎర్ర గుచ్చి నీళ్లల్ల ఏసి కూసుంటె సాలు. నా మోటర్ల పని జేస్తె తెలుస్తది కష్టమంటె ఏందో" అన్నాడు. మామ ఎల్లయ్య చేతిలోని ముద్ద కంచంలో పెట్టి లేచి వెళ్లిపోయాడు.

దీప మాత్రం ఊరుకోలేదు. "అట్లనా? అయితె మిర్గం నాడు నువ్వు వట్టిన చేప పట్టుకొని రా. ఎవ్వర్నీ అడుగొద్దు, ఏదీ కొనొద్దు. ఎర్రలు గూడ నువ్వే తవ్వుకోవాలె. గప్పుడొస్త నీ ఎంబడి."

సంగతి విన్న పరమేశ్ సులువు మార్గం చెప్పాడు. పరమేశ్‌ది జైపాల్ షాపు పక్కనే చాయ్ దుకాణం.

"చెరువు కట్ట మీద ఎర్రలు పొట్లాలు గట్టి అమ్ముతరు గదరా. ఒక పొట్లం కొనుక్కపో. ఎవనికి తెలుస్తది?"

"అమ్మెటోడు మా మామకు చుట్టం."

పరమేశ్ సానుభూతిగా చూశాడు. "మన్నుల పుట్టేది ఫుకట్‌ల దొరుకుతది లే. తడి ఉన్నకాడ తవ్వు" అని ధైర్యం చెప్పాడు.

తడి ఎక్కడుంది? ఈ ఏడు ఒక్క చినుకైనా రాలలేదు. ఇంటి వెనక గడ్డపార దించితే ఖంగుమని గుడిగంటలా మోగింది. వీధి చివర దించితే నిప్పురవ్వలు లేచాయి. భూమిలో ఎర్ర అనే జీవి ఉందనడానికి ఆనవాలే లేదు. జైపాల్ బండి మీద గాలం కట్టె, గడ్డపార, మూతకు చిల్లులు పెట్టిన పెరుగు డబ్బా వేసుకుని కాలనీ అంతా తిరిగాడు. చివరికి కాలనీ అంచున ఒక ఖాళీ జాగా కనిపించింది. పక్కనే నీళ్ల పైపు కారుతోంది. పైపు వెంబడి గడ్డి పచ్చగా ఉంది. గడ్డపార వెన్నలో దిగినట్టు దిగింది.

దొరికాయి కానీ, దారప్పోగుల్లాంటివి. వాటితో పట్టాలంటే చేప దయతలచాలి. అప్పుడు జైపాల్ చూపు గడ్డిలో సగం పూడుకుపోయిన రాతి మీద పడింది.

హద్దురాయి అంటే ఏమిటో తెలియనివాడు మేడ్చల్‌లో పుట్టడు. అక్కడ పసిపిల్లలు కూడా ఆటల్లో ఆ రాయికి చెయ్యి తగలనివ్వరు. జైపాల్‌కూ తెలుసు. రాయి కింద చల్లగా ఉంటుందనీ, చల్లటి చోట ఎర్రలు బలుస్తాయనీ కూడా తెలుసు. కొంచెం ఒరగదీసి చూసి మళ్లీ నిలబెట్టేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు.

ఒరగదీశాడు. కింద వేలెడు లావున్న ఎర్రలు ఒకదానికొకటి పెనవేసుకుని మెలికలు తిరుగుతున్నాయి. వాటిని చూసి జైపాల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లిచూపుల్లో దీపను చూసినప్పుడు కూడా అతని గుండె అంత వేగంగా కొట్టుకోలేదు. ఆ గుంత చుట్టూ తవ్వాడు. అవతల ఇంకో రాయి కనిపించింది. దాని కిందా ఉన్నాయి. మూడో రాయి దగ్గరికి వచ్చేసరికి అతను దాన్ని రాయి అనుకోవడం మానేశాడు. ఎర్రల గిన్నె మీద మూత అనుకుంటున్నాడు.

డబ్బా నిండాక నడుము పట్టుకుని లేచి వెనక్కి తిరిగాడు. ఆ జాగా అడవిపందులు పొర్లాడి వెళ్లినట్టుంది. గుంతల్లోకి పైపు నీళ్లు చేరి అన్నీ ఒకే బురదయ్యాయి. రాళ్లు ఒక పక్కన పడున్నాయి. ఏ రాయి ఎక్కడిదో చెప్పమంటే ఆ రాళ్లే చెప్పుకోవాలి.

"ఎవడ్రా అది!"

కేక పెట్టింది వెంకటనర్సయ్య. రిటైరైన బస్సు కండక్టరు. డాక్టరు నడవమన్నాడని పొద్దున్నే నడుస్తాడు. నడిచేది మాత్రం తన ప్లాటు దాకానే. ప్లాటు ఉన్నచోటే ఉందని చూసుకుని, తృప్తిగా వెనుదిరుగుతాడు. ఇవాళ ప్లాటు ఉంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చెప్పే రాళ్లు లేవు.

"కామేశ్వరి పంపిందా నిన్ను?"

"ఏ కామేశ్వరి సార్? ఎర్రల కోసం తవ్విన."

"ఎర్రలా?"

"గాలానికి సార్. చేపలు వడదామని."

వెంకటనర్సయ్య నాలుగు దిక్కులూ కలియజూశాడు. "చెరువేడున్నదిక్కడ?"

"షామీర్‌పేటల సార్."

"చెరువు షామీర్‌పేటల, తవ్వుడు నా ప్లాట్ల! నేను ముప్పై ఏండ్లు టికెట్లు గొట్టిన బిడ్డా. అబద్ధం ఏ స్టేజీల ఎక్కుతదో, ఏ స్టేజీల దిగుతదో నాకెరుకే." అని ఫోన్ తీసి, కోర్టులో తప్ప మరెక్కడా పలకరించని మనిషికి మొదటిసారి ఫోన్ చేశాడు.

పక్క ప్లాటు కామేశ్వరి స్కూటీ మీద దూసుకొచ్చింది. ఆమెకు మేడ్చల్ బజారులో చీరల దుకాణం ఉంది. ఆమె గొంతు బజారు ఈ చివర మొదలైతే ఆ చివర వినిపిస్తుంది.

"రాళ్లు నువ్వే పీకిచ్చి, మళ్ల నన్నే పిలుస్తవా నర్సయ్యా? మస్తు తెలివి గదా!"

"నేను పీకిచ్చుడేంది? వీడు నీ మనిషి!"

"నా మనిషైతె నీ దిక్కు ఇంకింత జరిపి పాతకపోవునా? గిట్ల బురద చేస్తడా?"

తనను ఇద్దరూ అవతలివాళ్ల మనిషిగా లెక్కేస్తున్నారని జైపాల్‌కు అర్థమైంది. రాళ్లు తిరిగి పాతేస్తే గొడవ చల్లారుతుందని ఒక రాయి ఎత్తి గుంతలో దించాడు. "ఇటు!" అని కామేశ్వరి అరిచింది. "అటు!" అని వెంకటనర్సయ్య అరిచాడు. అతను ఎటు జరిపినా ఆ రాయి ఇద్దరిలో ఒకరి భూమి మింగేసేది. చేతులు లాగుతున్నాయి. డబ్బాలో ఎర్రలు కదలడం తగ్గించాయి. ఎండ గోడల మీంచి దిగి రోడ్డు మీదికి వచ్చింది.

అరుపులకు జనం పోగయ్యారు. అందులో పాలక్యానుతో వచ్చిన ఒకాయన చూపు బండికి ఆనించి ఉన్న గాలం కట్టె మీద పడింది. వెదురు చీలిపోతే జైపాల్ తన షాపులోని ఎర్ర టేపుతో అక్కడక్కడా పట్టీలు చుట్టాడు. నైలాన్ దారం ఉండ జారి గడ్డిలో పొడుగ్గా పరుచుకుని ఉంది.

"ఆగుండ్రుల్లా" అన్నాడు పాలాయన గొంతు తగ్గించి. "గా కట్టె మీద గుర్తులు జూడుండ్రి. గా దారం జూడుండ్రి. రాళ్లు పీకిండ్రు. ఇది సర్వే! రోడ్డు వడుతాంది!"

రోడ్డు పడుతుందన్న మాట ఆ కాలనీలో ఏటా వినిపించేదే. వాన రాని ఏడాదైనా ఆ మాట వస్తుంది. ఒక్క క్షణంలో జనం కళ్లు మారిపోయాయి. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో మజ్జిగ తెచ్చారు. ఎవరో తన ఇంటి కాగితాలు తెచ్చి జైపాల్ మొహం ముందు పెట్టారు.

"సార్" అంది కామేశ్వరి. అప్పటిదాకా బజారు మోగించిన గొంతు చీర మడతలా మెత్తబడింది. "రోడ్డు జర నర్సయ్య దిక్కు జరపరాదుండ్రి. ఆయనకు పిల్లలు సెటిలైండ్రు."

"రోడ్డు ప్లాటు ముంగట వడాలె సార్, మీద వడొద్దు" అని వెంకటనర్సయ్య చేతులు జోడించాడు. "ముంగట వడితె మీ పేరు జెప్పుకుంట."

"అయ్యా, నేను సర్వేయర్ను కాదు" అన్నాడు జైపాల్ ఏడుపు గొంతుతో. "కూలర్లు రిపేరు చేస్త. బస్ డిపో కాడ నా షాపు."

పాలాయన నవ్వాడు. "గట్లనే అంటరు. నిరుడు వచ్చినాయన గ్యాస్ పొయ్యిలు రిపేరని జెప్పిండు."

నిజం చెబితే ఎవరూ నమ్మడం లేదు. పొద్దు నడినెత్తికి జరుగుతోంది. షామీర్‌పేటలో అత్త ముత్తమ్మ ఈపాటికి చింతపండు నానబెట్టి ఉంటుంది. దీప గుమ్మం వైపు చూసి ఉంటుంది, లేదా చూడటం మానేసి ఉంటుంది. రెండోది తలుచుకోగానే జైపాల్‌కు ఇక నిలవబుద్ధి కాలేదు. ఆ నిస్పృహలో అతను ఆ రోజుకెల్లా పెద్ద తప్పు చేశాడు.

"సరే, సర్వేనే" అన్నాడు. "ఈడ అయిపోయింది. ఇగ షామీర్‌పేట దిక్కు కొలవాలె. జర తొవ్వియ్యుండ్రి."

వెంటనే దారి ఇచ్చారు. ఒకాయన గడ్డపార తీసి బండికి కట్టాడు. ఇంకొకాయన సెల్యూట్ కూడా కొట్టాడు. జైపాల్ కిక్కు కొట్టి షామీర్‌పేట రోడ్డెక్కి, బతికాననుకుని అద్దంలో చూశాడు.

వెనక కాలనీ మొత్తం వస్తోంది. బైకులు, ఆటోలు, ఒక ట్రాక్టరు. అందరికంటే ముందు కామేశ్వరి స్కూటీ. దాని వెనక సీటు మీద, ఆమె భుజం పట్టుకోవాలా వద్దా అని తేల్చుకోలేక గాల్లో చేతులు పెట్టి, వెంకటనర్సయ్య.

వేగం పెంచాడు. వాళ్లూ పెంచారు. వాళ్లను ముందుకు పోనిద్దామని ఒకచోట ఆగి, ఒంటికి పోయే నెపంతో వేపచెట్టు చాటుకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అందరూ ఆగి ఉన్నారు. ఎక్కడినుంచి వచ్చారో ఇద్దరు ప్లాట్ల బ్రోకర్లు ఆ చెట్టు చుట్టూ తిరుగుతూ ఫోన్లలో, "ఆ సార్, కరెక్టు స్పాట్ చెప్తున్న, వేపచెట్టు కాడ జంక్షన్ వస్తది" అంటున్నారు. జైపాల్ మళ్లీ బండెక్కాడు. ఇక వెనక్కి చూడలేదు. చూస్తే ఏడుపు వచ్చేలా ఉంది.

చెరువు కట్ట మీద బండి ఆపి, గాలం తీసుకుని ముందుకు చూశాడు.

మే నెలలో ఒక రాత్రి వచ్చి చీకట్లోనే వెళ్లిపోయింది తప్ప, జైపాల్ ఎప్పుడొచ్చినా దసరా పండక్కే వచ్చేవాడు. అప్పుడు చెరువు కట్ట అంచుదాకా నిండి తళతళలాడుతూ ఉండేది. జూన్ ఎండలో దాన్ని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కట్ట కింద నేలంతా పర్రెలు విచ్చి ఉంది. గేదెలు మేస్తున్నాయి. నీళ్లు ఎక్కడో నడిమధ్యలో, ఎవరో మర్చిపోయిన రేకు ముక్కలా మెరుస్తున్నాయి.

అయినా కట్ట దిగాడు. ఇంకేం చేస్తాడు? వెనక ఊరుంది, ముందు చెరువుంది, ఎక్కడో ఒక చేపుందేమో. పర్రెల నేల దాటాక బురద వచ్చింది. చీలమండ దాకా దిగాడు, తర్వాత మోకాళ్ల దాకా దిగాడు. ఆ తర్వాత కాళ్లు ఎత్తుదామంటే రాలేదు. సరే, ఇక్కడినుంచే గాలం విసురుదామని పెరుగు డబ్బా మూత తీశాడు. పొద్దున్న వేలెడు లావున్న ఎర్రలు ఎండకు బిగుసుకుపోయి వేయించిన సేమ్యాలా ఉన్నాయి.

కట్ట మీద జనం అతన్నే చూస్తున్నారు. సర్వేయరు కట్టె పట్టుకుని చెరువు మధ్యకు వెళ్లి నిలబడ్డాడంటే అర్థం ఒక్కటే.

"రోడ్డు చెరువుల నుంచే వోతాంది!"

ఆ మాట కట్ట దిగి పక్క వాడలోకి వెళ్లేసరికి "చెరువు పూడుస్తున్రు" అయింది. పొయ్యి మీది కూరలు దించి మగవాళ్లు, ఆడవాళ్లు బయటికి ఉరికారు. చేతికి దొరికినవాటితో వచ్చారు. తెడ్లు, కర్రలు, గరిటెలు. అందరికంటే ముందు ఎల్లయ్య. ఆ వయసులో అతను అంత వేగంగా పరుగెత్తగలడని అతని కొడుకులకే తెలియదు.

"ఎవడ్రా మా చెరువు పూడ్చెటోడు? ముందుగాల నన్ను పూడ్చు!"

బురదలో నిలబడ్డ మనిషి మెల్లగా ఇటు తిరిగాడు. "మామా" అన్నాడు.

ఎల్లయ్య పైకెత్తిన తెడ్డు అలాగే ఆగిపోయింది.

"సర్వేయరు మీ అల్లుడా?" అన్నాడు వెంకటనర్సయ్య.

"మా అల్లుడు కూలర్లు రిపేరు చేస్తడు."

"మాకు గూడ గట్లనే జెప్పిండు!"

జనాన్ని తోసుకుంటూ దీప వచ్చింది. కొంగు నడుముకు దోపి ఉంది. బురద అంచు దాకా దిగి, మొగుడిని పైనుంచి కిందికి చూసింది. కిందివైపు ఎక్కువ లేదు, మోకాళ్లతోనే ఆగిపోయాడు.

"ఏందిది?"

ఇంకో అబద్ధం ఆడే ఓపిక జైపాల్‌కు మిగల్లేదు. డబ్బా ముందుకు చాపాడు.

"నాతోని కాలే దీపా. ఎర్రలు సచ్చినయ్. రెండు ప్లాట్లు నాశనం జేసిన. నీళ్లదాకా గూడ పోలేకపోయిన. ఇది నేననుకున్నట్టు లేదు." ఎల్లయ్య వైపు చూశాడు. "మామా, ఆనాడు అన్నది తప్పే. ఈ పని నాతోని కాదు."

దీప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని జైపాల్ ఇంకా కుంగిపోయాడు. ఏడవడం లేదని తెలిశాక ఎటు చూడాలో తెలియలేదు.

"గీ మాట కోసమే గదా నేను సూసింది" అంది నవ్వు ఆపుకుంటూ. "గీ ఎండలకు ఈ చెరువుల చేపలేడికెల్లి వస్తయి? మా అన్నలు పొద్దుగాల మార్కెట్‌ల లైన్ల నిలవడి కొనుక్కొచ్చిండ్రు. నాయిన గూడ పొయ్యిండు."

"కొన్నరా?" అన్నాడు జైపాల్.

ఎల్లయ్య అటు తిరిగి గేదెల వైపు చూడసాగాడు. "లారీల వచ్చినయ్ అల్లుడా. ఇగ బేరం గూడ ఆడనియ్యలే."

"మరి పట్టుకొని రమ్మన్నవు గదా?" అని జైపాల్ దీపను అడిగాడు.

"నీతోని కాదని తెల్సే అన్న. ఒట్టి చేతులతోని వచ్చి మా నాయినకు ఒక్క మాట జెప్తవనుకున్న. ఊరంత ఎంబడి దీస్కొస్తవని నాకేమెరుక?"

బావమరదులు తాడు విసిరారు. జైపాల్ పట్టుకున్నాడు. నలుగురు లాగితే చెప్పులు చెరువుకు వదిలేసి పైకి వచ్చాడు. ఎల్లయ్య అతని వీపు మీద బురద తుడుస్తూ, "మిర్గం నాడు ఈ చెరువుల ఏదన్న వట్టుడు నాకు గిదే మొదలు" అన్నాడు. వాడంతా ఘొల్లుమంది.

రోడ్డు లేదని తేలాక మేడ్చల్ జనంలో సగం మంది తిట్టుకుంటూ పోయారు. మిగతా సగం మంది తేలినా నమ్మకుండా పోయారు. వెంకటనర్సయ్య, కామేశ్వరి మాత్రం మర్నాడు జైపాల్ చేతే రాళ్లు పాతించాలని, తప్పు పాతితే కేసు పెట్టాలని, జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు. ముత్తమ్మ వాళ్లను కూడా కూర్చోబెట్టి చేపలకూరతో అన్నం పెట్టింది. జైపాల్ తల దించుకుని తిన్నాడు. ముల్లు గుచ్చుకున్నా అమ్మో అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి దీప సంచి గుమ్మంలో ఉంది.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ మేడ్చల్ చేరారు. గేటు దగ్గర ఇంటి ఓనరు పర్వతాలు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"దీప గూడ వచ్చిందా? మంచిగైంది. ఇగో జైపాల్, వచ్చే నెల నుంచి కిరాయి పెంచుతున్న. మన గల్లీ పక్కకెల్లి పెద్ద రోడ్డు వడుతాందట."

"రోడ్డు లేదు గీడ్డు లేదన్నా" అన్నాడు జైపాల్ ఆత్రంగా. "పొద్దుగాల సర్వే జేసింది నేనే!"

పర్వతాలు అతన్ని జాలిగా చూశాడు. "నువ్వు కూలర్లు రిపేరు చేసెటోనివి. ఆయన పెద్దాఫీసరు. చూసినోళ్లు జెప్పిండ్రు, మనిషి మస్తు పొడుగంట."

జైపాల్ దీప వైపు చూశాడు. దీప కళ్లతోనే ధైర్యం చెప్పింది. పొద్దున్నుంచీ నానా తిప్పలు పడి నేర్చుకున్న మాటను అతను ఏ బింకం లేకుండా, నెమ్మదిగా అన్నాడు.

"నాతోని కాదన్నా."

అయితే నెలాఖరుకు ఖాళీ చేయమని పర్వతాలు అంతకంటే నెమ్మదిగా చెప్పాడు.